పూడిక తీశాక గట్టంతా కిక్కిసే, గ్లైఫోసేట్ కొట్టొచ్చా?

ప్రశ్న: మాది ఆకివీడు మండలం. డ్రెయిను పక్కనే మూడెకరాల వరి, దాన్ని ఆనుకుని చిన్న చేపల చెరువు ఉన్నాయి. నిరుడు వేసవిలో డ్రెయిను పూడిక తీసి ఆ మట్టిని మా గట్టు మీదే పోశారు. అప్పటినుంచి గట్టంతా కిక్కిస గడ్డే. సంక్రాంతి వెళ్లాక కోసి తగలబెడితే నెల తిరక్కుండా ఇంకా ఒత్తుగా లేచింది. ఇప్పుడు వరి మడిలోకి కూడా దిగుతోంది. గ్లైఫోసేట్ కలుపు మందు కొట్టమంటున్నారు, కొట్టొచ్చా? గేదెలకు వేయొచ్చా? పూర్తిగా పోయే దారేంటి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ గట్టు మీదికి కిక్కిస పొక్లెయిన్ బకెట్లో వచ్చిందండీ. ఈ గడ్డికి విత్తనం కంటే మట్టిలో అడ్డంగా పాకే దుంపే బలం. ఆ దుంప వెదురులా కణుపులు కణుపులుగా ఉంటుంది. యంత్రం దాన్ని వంద ముక్కలు చేస్తే, కణుపున్న ప్రతి ముక్కా ఒక మొక్కే. తడి మట్టితో కలిపి గట్టు మీద పోయడమంటే నాట్లు వేసినట్టే.

మందు సంగతి చూసే ముందు అది కిక్కిసేనా అని ఒకసారి చూసుకోండి. జమ్మునీ, రెల్లునీ కూడా చాలామంది ఒకే గాట కట్టేస్తారు. జమ్ముకి కణుపులుండవు. మందపాటి చదును ఆకులు మొదట్నుంచే లేస్తాయి, పైన గోధుమరంగు కండె వస్తుంది. కిక్కిస కాడ విరిచి చూడండి, లోపల బోలు. ఆకు కాడను పట్టుకునే చోట నాలికలాంటి పొర బదులు సన్నటి నూగు వరుసగా కనిపిస్తుంది. రెల్లు కాడ లోపల బెండు నిండి గట్టిగా ఉంటుంది.

ఆ బోలు కాడే దీని ఊపిరితిత్తి. బురదలో గాలి ఆడదు. అందుకే పైనున్న కాడల గుండా, ఎండిన పాత మోళ్ల గుండా కూడా, గాలి దుంపకు దిగుతుంది. మీరు సంక్రాంతి తర్వాత పైపైన కోసి నిప్పు పెట్టారు. అప్పటికే ఆకులు చేసిన ఆహారం దుంపలోకి చేరిపోయింది, మోళ్లు పైనే మిగిలాయి. మంట దుంపను తాకలేదు. పైగా నీడనిచ్చే ఎండుగడ్డి పోయి కొత్త మొలకలకు ఎండ దొరికింది. ఒత్తుగా లేవక ఏం చేస్తుంది?

కోయాల్సింది వెన్ను తీసే వేళ. దుంపలో దాచుకున్నదంతా పైకి ఖర్చు పెట్టేసి మొక్క అప్పుడు నీరసంగా ఉంటుంది. నీళ్లలో నిలబడ్డ కిక్కిసను నీటిమట్టానికి జానెడు కిందకి కోయండి. మోడులోకి నీరు చేరితే దుంపకు గాలి అందదు, కుళ్లుతుంది. మళ్లీ తల ఎత్తిన మొలకలను అలాగే రెండుమూడు సార్లు కోస్తే పలచబడుతుంది. ఒక్క కోతతో పోతుందని మాత్రం చెప్పలేను.

గట్టు మీద ఈ నీటి ఉపాయం పనిచేయదు. వేసవిలో కాలువలు కట్టేశాక పలుగుతో తవ్వి, దుంపలు ఏరి, ఎండలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టండి. పచ్చి దుంపలను డ్రెయిన్లోకి విసరొద్దు, కింది రైతుకు నారు పంపినట్టవుతుంది. గట్టుకీ మడికీ మధ్య మోకాలి లోతు బోదె తీసి, అందులోకి తొంగిచూసే దుంప తీగల్ని నెలకోసారి నరికేయండి. మడిలోకి దిగినవాటిని లేతగా ఉన్నప్పుడే, దమ్ము చేసిన మెత్తటి బురదలో, తీగతో సహా లాగేయాలి.

గ్లైఫోసేట్ వద్దు. అది వరినీ గడ్డినీ వేరు చేసి చూడదు. గాలికి మడి మీద పడితే ఆ మేర చేను పోయినట్టే. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (లైసెన్సు తీసుకుని మందులు కొట్టేవాళ్లు) తప్ప వేరెవరూ వాడకూడదంది. అన్నిటికంటే ముఖ్యం, మీకు చేపల చెరువుంది. కొన్ని మందుల్లో ఆకుకు అంటుకోడానికి కలిపే జిగురు పదార్థం, అసలు మందు కంటే చేపలకీ కప్పలకీ ఎక్కువ కీడు చేస్తుంది. చచ్చిన కిక్కిస నీళ్లలో కుళ్లితే ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లారేసరికి శీలావతులూ బొచ్చెలూ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

పూర్తిగా పోవాలి అన్నారు. నేనైతే డ్రెయిను వైపు రెండు మూడు గజాల పట్టీ ఉంచేస్తాను. ఆ వేళ్లు గట్టును కోతపడకుండా పట్టుకుంటాయి. చెరువు నీళ్లు మార్చేటప్పుడు బయటికి వదిలే మురుగును ఆ పట్టీ గుండా పోనివ్వండి. వేళ్ల చుట్టూ చేరే కొద్దిపాటి గాలితో బ్యాక్టీరియా మురుగులోని అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. గాలి ఆడని పక్క బురదలో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా వదిలేస్తుంది. కిక్కిసలో బొల్లికోళ్లు గూళ్లు పెడతాయి, నారు పీకేసే ఆ పిట్టల మీద మీకు కోపం ఉండొచ్చు, కాదనను. ఎలుకలూ చేరతాయి. అందుకే మడి వైపు గట్టు మాత్రం శుభ్రంగా ఉంచుకోండి. మీ పొలం కొల్లేరు అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలుంటే అది 1999 నుంచీ అభయారణ్యం కింద ఉంది. కోతకైనా, తవ్వకానికైనా ముందు అటవీశాఖను అడగాలి.

కోసిన ముదురు కాడలు పారేయకండి. ఎండబెడితే తడికలకీ, దొడ్డి దడికీ, పాక కప్పుకీ పనికొస్తాయి.

గేదెలకు వేయొచ్చు, కానీ నడుము ఎత్తు దాటని లేత మేతే. ముదిరితే మాంసకృత్తులు తగ్గి ఇసుకలాంటి సిలికా పెరుగుతుంది, గేదె నమిలి వదిలేస్తుంది. ముక్కలు చేసి ఎండుగడ్డితో కలిపి వేయండి. ఫ్యాక్టరీ మురుగు కలిసే డ్రెయినైతే అది కూడా వద్దు. ఇంకో జాగ్రత్త, నీటికి తగిలిన మొదళ్లు మేతకు కోయకండి. నత్తల నుంచి వచ్చే కార్జపు జలగ (పశువు కాలేయంలో చేరే పురుగు) పిల్లలు అక్కడే కంటికి కనిపించని గుళ్లలా అంటుకుని ఉంటాయి. నీటిమట్టానికి జానెడు పైన కోసి, ఒక పూట కాదు, బాగా ఎండనిచ్చి వేయండి. ఇప్పటికే పచ్చిది మేపి ఉంటే దూడల దవడ కింద వేలితో నొక్కి చూడండి. నీటి సంచిలా మెత్తగా తగిలినా, పారుడు ఆగకపోయినా, పేడ పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. జలగల మందు మోతాదు దూడ బరువును బట్టి ఆయనే చెబుతారు.