ఉచితంగా ఉద్యోగం చూపించే స్వచ్ఛంద సంస్థలో చేరితే వాళ్లేం అడుగుతారు, మనమేం అడగాలి?

మీ ప్రశ్న ఇదీ: ఇంటర్ పాసైన మీ తమ్ముడు ఉప్పల్ దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ సెంటర్లో చేరదామనుకుంటున్నాడు. ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగం చూపిస్తామంటున్నారు, ఇంటి అప్పుల లెక్క కూడా చూస్తామంటున్నారు, పైసా తీసుకోమంటున్నారు. ఇందులో మెలిక ఏమిటి, చేరాక ఏమేం చేయమంటారు అని అడిగారు. ఇలాంటి సెంటర్ల పని లోపలి నుంచి తెలిసినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

పైసా తీసుకోరన్నది నిజమే అయ్యుంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఈ సెంటర్లలో చాలావాటికి డబ్బు అక్కడి నుంచో, సర్కారు నైపుణ్య పథకాల నుంచో వస్తుంది. ఇచ్చినవాళ్లు ఊరుకోరు, లెక్క అడుగుతారు. ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎంతమంది ఉద్యోగంలో నిలిచారు అని. మీ తమ్ముడికి పెట్టే షరతుల్లో ముప్పావు వంతు ఈ లెక్క కోసమే. అది అర్థమైతే సెంటరువాళ్ల పట్టుదల వేధింపులా అనిపించదు.

ముందు సంస్థ అసలుదో కాదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సొసైటీగానో, ట్రస్టుగానో, లాభం కోసం కాని సెక్షన్ 8 కంపెనీగానో నమోదై ఉండాలి. ఎన్జీవో దర్పణ్ అనే సర్కారు పోర్టల్లో పేరు కొడితే చాలా సంస్థల వివరాలు కనబడతాయి. అంతకన్నా తేలికైన పరీక్షలు రెండున్నాయి. యూనిఫాం, మెటీరియల్, 'సెక్యూరిటీ డిపాజిట్', ఏ పేరుతోనైనా సరే, ఉద్యోగం చూపించడానికి డబ్బు అడిగారంటే లేచి వచ్చేయండి. ఒరిజినల్ మెమోలు దగ్గర పెట్టుకుంటామన్నా అంతే. జిరాక్సులు ఇవ్వాలి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. అంగీకార పత్రం మీద సంతకం పెట్టమంటారు, అది మామూలే. చదివి పెట్టండి. వాళ్ల ప్రచారంలో ఫోటో వాడుకోవడానికి ఒప్పుకోకపోయినా ట్రైనింగ్ ఆగదు, ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు.

ఇక కాగితాలు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఆధార్, పాన్, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్, మీసేవ నుంచి ఆదాయ ధ్రువీకరణ లేదా రేషన్ కార్డు అడుగుతారు. అన్నీ ఉన్నాయి కదా అనుకుంటాం. తీరా పక్కపక్కన పెట్టి చూస్తే మెమోలో గుండెబోయిన శ్రీకాంత్, ఆధార్‌లో జి శ్రీకాంత్, పాన్‌లో శ్రీకాంత్ గుండెబోయిన. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్, ఆధార్‌లో ఉన్న పేరుతోనే పుడుతుంది. బ్యాంకులో, పాన్‌లో పేరు దానితో కలవకపోతే కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, ఆగిపోతుంది. ఆ సంగతి రెండేళ్ల తర్వాత డబ్బు తీసుకోవాలనుకున్న రోజు బయటపడుతుంది. కాబట్టి టెన్త్ మెమోని ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ సరిచేయించండి, తర్వాత పాన్, ఆఖర్న బ్యాంకు. ఈ వరుస మార్చొద్దు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మారుస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. స్పెల్లింగు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, ఆపరేటర్ కొట్టాక స్క్రీన్ మీద చదవండి. ఫోన్ నంబరు కూడా లింక్ అయి ఉండాలి. ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు ఆధార్‌లో ఉంటే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఏ పనీ కదలదు.

ట్రైనింగ్ సాధారణంగా నెలన్నర నుంచి మూడు నెలలు. హాజరు వేలిముద్రతోనో ముఖం స్కాన్‌తోనో తీసుకుంటారు. ఎనభై శాతం దగ్గర గీత పెట్టే సెంటర్లు ఎక్కువ. ఊళ్లో పెళ్లి, బోనాలు అంటూ వారం మాయమైతే ఇంటికి ఫోన్ వస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడటం, కంప్యూటర్, ఇంటర్వ్యూ, ఆ పాఠాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అన్నిచోట్లా దాదాపు ఒకటే. బస్సు ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి. ఆడపిల్లలకైతే 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఉంది, చిరునామా తెలంగాణదని చూపే గుర్తింపు కార్డు ఉంటే చాలు. మీ తమ్ముడికి నెల పాస్ తప్పదు. ఉద్యోగం వచ్చాక కూడా ఇదే లెక్క. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రెండో షిఫ్టు ఉద్యోగం కాగితం మీద బాగానే కనిపిస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఇంటికెలా వస్తాడో, కంపెనీ క్యాబ్ ఉందో లేదో ఒప్పుకునేముందే అడగాలి. కుర్రాళ్లు నెల తిరక్కుండా మానేయడానికి జీతం కన్నా ఈ ప్రయాణమే ఎక్కువసార్లు కారణమవుతుంది.

జీతం మాట వచ్చింది కాబట్టి, ఇంటర్వ్యూలో చెప్పే అంకెకీ చేతికొచ్చే అంకెకీ తేడా ఇప్పుడే చూసుకోండి. 'పద్దెనిమిది వేల ప్యాకేజీ' అన్నారనుకుందాం. లోపల ఇలా ఉంటుంది. బేసిక్ 12,000, మిగతా అలవెన్సులు 4,000, వెరసి గ్రాస్ 16,000. పైన దాదాపు రెండు వేలు కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా). అది ఎప్పుడూ చేతికి రాదు. ఇటు 16,000 నుంచి పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,440 పోతుంది. ఈఎస్ఐ మొత్తం 16,000 మీద 0.75 శాతం లెక్కేస్తే 120. వృత్తి పన్ను తెలంగాణలో 15 వేలు దాటి 20 వేల వరకు నెలకు 150. ఖాతాలో పడేది 14,290. మంచి సెంటర్లో మనీ కౌన్సిలర్, అంటే డబ్బు లెక్కల్లో సలహా ఇచ్చే మనిషి, ఈ లెక్క మీ తమ్ముడి చేతే వేయిస్తారు. వేయించకపోతే మీరే అడగండి. మొదటి నెల ఈ కోత చూసి 'మోసం చేశారు' అని మానేసేవాళ్లకు లెక్కే లేదు. నిజానికి ఆ 120 రూపాయలతో ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం వస్తుంది, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రితో సహా. అమ్మానాన్నల పేర్లు కుటుంబ వివరాల్లో ఎక్కించాడా లేదా, అది చూడండి.

అప్పుల సంగతి చాలామంది సగం దాస్తారు. బ్యాంకు లోను చెప్తారు, వీధి చివర ఫైనాన్స్ చెప్పరు. అప్పులన్నీ వడ్డీతో సహా చెప్పాలన్నది సెంటరు పెట్టే షరతుల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించేది, ఎందుకంటే సగం లెక్కతో ఎవరూ సలహా ఇవ్వలేరు. డైలీ ఫైనాన్స్‌నే తీసుకోండి. పదివేల అప్పు అని రాసుకుని, ముందే 1,500 కోసి, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేను వందలే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తోంది కదా. ఆ లెక్కన చూస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ, ఏడాదికి వంద శాతం దాటిపోతుంది. బంధువుల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మొహమాటం కొద్దీ ముందు తీర్చేసి, దీన్ని నడుపుకుంటూ పోయే ఇళ్లు బోలెడు. కౌన్సిలర్ వరుస తిరగేయమంటారు, డైలీ ఫైనాన్స్ ముందు తీర్చమంటారు. ఇంట్లో గొడవవుతుంది. అయినా లెక్క అదే చెప్తుంది.

లోన్ యాప్‌లు ఉంటే అవి కూడా చెప్పించండి. యాప్ అప్పులకు బ్యాంకు ఖాతా మీద ఆటో డెబిట్ ఒప్పుకుని ఉంటారు. కొత్త ఉద్యోగం జీతం అదే ఖాతాలో పడితే పడిన రోజే పోతుంది. ఖాతాలో లేకపోతే ప్రతి బౌన్స్‌కీ ఛార్జీ. ఏ ఖాతా మీద ఎన్ని మాండేట్లు, అంటే ఆటో డెబిట్ అనుమతులు, ఉన్నాయో బ్యాంకు యాప్‌లో చూసి రాసుకోవాలి. మాండేట్ రద్దు చేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు, ముందు కంతుల తేదీలు మాట్లాడుకున్నాకే ఆ పని. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు తీసుకోకూడదు. తీసుకుని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మీ అమ్మగారి పేరు మీద మైక్రో ఫైనాన్స్ లోను ఉంటే, వసూలుకి ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. ఆ మాట వచ్చినవాళ్ల మొహం మీదే చెప్పొచ్చు.

క్రెడిట్ రిపోర్టు తీయమంటారు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, దానికోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు. పాత అప్పు 'సెటిల్' చేద్దాం, సగం కట్టు చాలు అని ఏజెంటు ఫోన్ చేస్తే తొందరపడొద్దు. రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడటం వేరు, 'సెటిల్డ్' అని పడటం వేరు. రెండోది ఉంటే తర్వాత బ్యాంకు లోను కష్టం. పూర్తిగా కట్టాక బాకీ లేదనే ఎన్ఓసీ కాగితం తీసుకోండి. రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలి.

చిట్టీ వేస్తామంటే కౌన్సిలర్లు వద్దనరు, రిజిస్టర్డ్ చిట్టీయేనా అని అడుగుతారు. అపార్ట్‌మెంట్ చిట్టీల్లో ముందుగా ఎత్తుకున్నవాడు పారిపోతే చివరిదాకా ఆగినవాడికి కాగితం కూడా ఉండదు. ఇన్సూరెన్స్ విషయంలో రెండే చెప్తారు, అవి చాలు: ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా (ప్రధానమంత్రి సురక్షా బీమా), 436 రూపాయల జీవిత బీమా (ప్రధానమంత్రి జీవన్ జ్యోతి). రెండూ ఏటా మే నెలాఖర్లో ఖాతా నుంచి కట్ అవుతాయి. ఆ టైముకి ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.

సెంటర్ చేయనివి కూడా తెలుసుకోండి. అప్పు వాళ్లు తీర్చరు, అప్పు ఇవ్వరు, మీ తరఫున ఫైనాన్స్‌వాడితో పోట్లాడరు. ఉద్యోగం గ్యారంటీ అని రాసివ్వరు. ఇంటర్వ్యూలు పెట్టిస్తారు, ఒకటి రెండు తప్పితే మళ్లీ పెట్టిస్తారు. వచ్చిన ఉద్యోగాలన్నీ కారణం లేకుండా వద్దంటూ పోతే మాత్రం వరుసలో వెనక్కి పోతాడు. ఏటీఎం పిన్, ఓటీపీ సెంటరువాళ్లు అడిగినా చెప్పొద్దు. నిజమైన కౌన్సిలర్ అడగరు.

ఉద్యోగంలో చేరాక ఆర్నెల్లు, కొన్నిచోట్ల ఏడాది దాకా, సెంటర్ నుంచి ఫోన్లు వస్తుంటాయి. జాయినింగ్ లెటర్, జీతం స్లిప్పు కాపీ పంపమంటారు. విసుక్కుని నంబరు బ్లాక్ చేయనివ్వకండి. ఆ స్లిప్పు చూసినప్పుడే పీఎఫ్ కోసి కట్టని కంపెనీలు దొరుకుతాయి. పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్లో తెరిచి ఆ నెల జమ పడిందో లేదో సెంటర్లో కూర్చుని చూసుకోవచ్చు. కంపెనీ మారితే పాత యూఏఎన్ నంబరే కొత్తచోట ఇవ్వాలి. 'ఇదే మొదటి ఉద్యోగం' అని ఫారంలో రాస్తే రికార్డులు చిక్కుపడి, పాత డబ్బు పాతచోటే ఉండిపోవచ్చు. మానేసేటప్పుడు ఒక్కమాట హెచ్ఆర్‌కి చెప్పి, మానేసిన తేదీ పీఎఫ్ రికార్డులో వేయించుకోవాలి. ఆ తేదీ పడకపోతే ట్రాన్స్‌ఫర్ నడవదు. ఇంకోటి, కంపెనీ తెరిపించిన శాలరీ ఖాతాలో జీతం పడటం ఆగాక బ్యాంకు దాన్ని మామూలు ఖాతాగా మార్చేస్తుంది, కొన్ని బ్యాంకుల్లో మినిమం బ్యాలెన్స్ ఛార్జీలు మొదలవుతాయి. వాడనిదైతే మూసేయించి, జన్‌ధన్ లాంటి జీరో ఖాతా ఒక్కటి ఉంచుకుంటే సరిపోతుంది.