పొట్లకాయకి రాయెందుకు కట్టారు?

పిల్లల కోసం రాయాలనుకునేవాళ్ల ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తుంటాను. తొలకరి పడింది కదా, ఈసారి ఉత్తరాలన్నీ పెరటి దారినే వచ్చాయి.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్ని. మాది కోనసీమ. చిన్నప్పుడు నాన్నగారితో కలిసి మేం నలుగురు పిల్లలం పెరడంతా పండించేవాళ్లం (ఆఖరివాణ్ణి మాత్రం నీళ్ల చెంబు ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు). ఆ రోజుల మీద పిల్లల పుస్తకం రాద్దామని 40 పేజీలు రాశాను. డాలస్‌లో ఉన్న ఆరేళ్ల మనవరాలికి వీడియో కాల్‌లో చదివితే, మూడో పేజీలోనే "అమ్మమ్మా, ఇంతకీ ఏమైంది?" అంది. ఏమీ కాలేదు మరి! మొదటి రెండు పేజీలు పంపుతున్నాను. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మానకండి. ఆ మనవరాలిని కూడా వదులుకోకండి, అంత మంచి ఎడిటరు డబ్బిచ్చినా దొరకదు.

మీ రెండు పేజీలూ చదివాను. "నాన్నగారి చేతిలో మట్టి కూడా బంగారమయ్యేది", "ఆ రోజులు మళ్లీ రావు" అని రాశారు. ఇవి మీ అన్నదమ్ములకి చదివి వినిపించండి, కళ్లు తుడుచుకుంటారు. ఆరేళ్ల పిల్లకి మళ్లీ రాని రోజులంటూ ఇంకా ఏమున్నాయండీ? ఆ బెంగ మనది, వాళ్లది కాదు.

ఈ పని నేనూ చేశాను కాబట్టే చెబుతున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పొట్లపిందె జానెడు పొడవు రాగానే మా నాయనమ్మ దాని కొసకి అరటినారతో చిన్న రాయి కట్టేది. ఆ బరువుకి కాయ మెలితిరక్కుండా తిన్నగా దిగుతుంది. నా మొదటి పుస్తకం చిత్తుప్రతిలో ఈ సంగతికి ఒక్క వాక్యం ఇచ్చాను. మిగతా పన్నెండు పేజీలూ నాయనమ్మ ప్రేమ, ఆవిడ చేతి పెసరపప్పు పొట్లకాయ కూర, తులసికోట, ముగ్గు. దాన్ని పట్టుకెళ్లి ఒక బళ్లో మూడో తరగతికి చదివాను. సగానికొచ్చేసరికి వెనక వరసలో ఇద్దరు పెన్సిలు కోసం కొట్టుకుంటున్నారు. అంతా అయ్యాక ఒక పిల్లాడు లేచి, "రాయెందుకు కట్టారు టీచర్? దానికి నెప్పెట్టదా?" అనడిగాడు.

నాకు ఏడేళ్లప్పుడు సరిగ్గా ఇదే అనుమానం! ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే, స్టూలెక్కి నాలుగు రాళ్లు విప్పేశాను. వారం తిరిగేసరికి ఆ నాలుగు కాయలూ పాముల్లా చుట్టలు చుట్టుకున్నాయి. నాయనమ్మ పందిరి కింద నిలబడి కాసేపు చూసింది. తిట్టలేదు. ఒకటి కోసి నా చేతిలో పెట్టి, "పైన తెల్లపొర గీకు" అంది. తిన్నటి కాయైతే రెండు నిమిషాల పని. ఆ మెలికల్లో చాకు దూరదు, వేలు దూరదు. అరగంట పట్టింది. ఇన్నేళ్లూ ఈ సంగతి రాయకపోవడానికి కారణం సిగ్గు, అంతే.

పన్నెండు పేజీలూ పక్కన పడేసి ఆ స్టూలు దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ పుస్తకంలో ప్రేమ అన్న మాట ఒక్కసారి కూడా రాదు.

మీ ఆఖరివాణ్ణి చెంబు ఎందుకు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు? వాడు ఏం చేశాడు? ఏ మొక్కని ముంచేశాడు? లేకపోతే మీరు ముగ్గురూ కలిసి వాడి మీద వేసిన అబద్ధమా అది? మీ కథ వాడే. 40 పేజీలు రాసి వాణ్ణి తీసుకెళ్లి బ్రాకెట్లలో పడేశారు, పాపం. ముందు వాడికి ఫోన్ చెయ్యండి. మీరు గుర్తుపెట్టుకున్నదీ వాడు గుర్తుపెట్టుకున్నదీ ఒకటి కాకపోతే మరీ మంచిది. ఆ చెంబు సంగతి నాకూ రాయండి.

ప్రశ్న: పిందెని వేలితో చూపిస్తే రాలిపోతుందని మా అమ్మ వేలు మడిచి చూపించమనేది. ఇది కథలో పెడితే మూఢనమ్మకం నేర్పినట్టవుతుందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: పెట్టండి. ఇంత మంచి గొడవని ఎవరైనా వదులుకుంటారా? కింద "పిల్లలూ, ఇది నిజం కాదు" అని మాత్రం రాయకండి. మీ కథలో పిల్లనే తేల్చుకోనివ్వండి. రెండు పిందెలు ఎంచుకుని, ఒకదానికి ఎర్రదారం కట్టి, రోజూ దానికే వేలు చూపిస్తుంది. ఏమవుతుందో అవుతుంది.

రాసే మీకు మాత్రం అసలు సంగతి తెలిసుండాలి. గుమ్మడి, ఆనప, బీర లాంటి పాదులకి మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వు విచ్చుకోకముందే దాని వెనక బుల్లి పిందె ఉంటుంది. తేనెటీగో మరొకటో మగపువ్వు నుంచి పుప్పొడి తెచ్చి తగిలిస్తేనే అది కాయవుతుంది. లేకపోతే పసుపెక్కి రాలిపోతుంది. పండుఈగ గుడ్లు పెట్టినా కాయ వంకరపోయి కుళ్లుతుంది. పాదుకి ముందు మగపువ్వులే పూస్తాయి కాబట్టి, మొదట్లో "ఇన్ని పూలు పూసి ఒక్క పిందే లేదే" అని ఇంట్లోవాళ్లు దిగులుపడతారు. అదీ కథకి పనికొస్తుంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, గుమ్మడిపువ్వు, నేతిబీర పువ్వు తెల్లవారుజామున. బడికెళ్తున్న పిల్ల పొద్దున్నే బీరపువ్వు విచ్చుకోవడం చూసిందని రాశారనుకోండి, పెరడున్న ఏ పిల్లయినా మిమ్మల్ని పట్టేసుకుంటుంది.

ఇంత చెప్పిన నేను ఇప్పటికీ వేలు మడిచే చూపిస్తాను. ఎందుకొచ్చిన గొడవ!

ప్రశ్న: మా అవ్వ పెరట్లో పుంటికూర మీద కథ రాసిన. గోంగూర అని మారిస్తే అందరికీ తెలుస్తదని మిత్రులు అంటున్నరు.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చకండి. మీ కథలో పిల్ల అవ్వా అని పిలిచి గోంగూర అంటే నోరు అతికించినట్టుంటుంది. పక్కనే బొమ్మ ఉంటుంది, ఎర్ర కాడ, చీలిన ఆకు. గుంటూరు పిల్లలు చూసి "ఓ, మన గోంగూరే" అనుకుంటారు. ఒక కూరకి రెండు పేర్లున్నాయని తెలియడం పిల్లలకి భలే సరదా. పేజీకి పది ఊరి మాటలు కూరితే మాత్రం పెద్దవాళ్లే మెచ్చుకుంటారు, పిల్లలు మూసేస్తారు.

ప్రశ్న: బొమ్మల పుస్తకానికి ఎన్ని పేజీలు రాయాలి? బొమ్మలు నేనే వేయించుకోవాలా? ఎవరికి పంపాలి?
– విజయవాడ నుంచి

జవాబు: అచ్చు కాగితాన్ని మడిచే పద్ధతిని బట్టి ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో వస్తాయి. అట్టలోపలి పేజీ, వివరాల పేజీ తీసేస్తే 24 పేజీల పుస్తకంలో మీకు మిగిలేవి ఇరవై చిల్లర. నాలుగైదు వందల మాటలు చాలు. 'మంచి పుస్తకం', ప్రథమ్ బుక్స్, తులిక లాంటి ప్రచురణ సంస్థలవాళ్లు తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. 2015లో మొదలైన ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో చాలా పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు. పంపేముందు ఒక ఇరవై చదవండి.

బొమ్మలు వేయించి పంపాల్సిందేనా అన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది, అడగండి. బొమ్మలో కనబడేది మాటల్లో రాయకండి. "ఎర్ర గౌను వేసుకున్న సీత పచ్చటి పందిరి కింద" అని రాస్తే, చిత్రకారుడికి చెయ్యడానికి ఏం మిగిలింది?

మొక్కల ఫోటోలు మాత్రం తప్పకుండా ఇవ్వండి. నగరంలో పెరిగిన చిత్రకారులు పొట్లపాదు చూసి ఉండకపోవచ్చు. నేను ఇవ్వలేదు. నా పుస్తకంలో పొట్లపువ్వులు పసుపుపచ్చగా, పట్టపగలు విచ్చుకుని అచ్చయ్యాయి. నిజానికి అవి చీకటి పడ్డాక విచ్చుకునే తెల్లటి పూలు, అంచులకి దారప్పోగుల్లాంటి కుచ్చులుంటాయి. ఆ తప్పు పట్టుకున్నది కూడా ఒక రెండో తరగతి అమ్మాయే. రెండో ముద్రణలో పూలు తెల్లబడ్డాయి. ఎండ మాత్రం అలాగే ఉండిపోయింది.