కమిటీ కన్నా ముందు పలకరింపు

చిరంజీవి బుజ్జమ్మకు అత్త దీవెనలు.

పండక్కి ఊళ్లకు వెళ్లినవాళ్ల ఇళ్ల తాళాలు పగలగొట్టారని, అందరూ కలిసి కాలనీ కమిటీ వేద్దామంటున్నారని, నిన్ను సెక్రటరీగా ఉండమంటున్నారని నాన్న ఫోన్లో చెప్పాడు. ఒప్పుకో. కాకపోతే మొదటి మీటింగులోనే చందాలు రాసి, సీసీ కెమెరాలు కొని, రాత్రి గస్తీకి కుర్రాళ్ల పేర్లు వేసేసి ఇక పని అయిపోయిందనుకోవద్దు. అలా మొదలైనవి నిలబడటం నేను చూడలేదు. కెమెరా పాడైతే బాగు చేయించే నాథుడు ఉండడు. గస్తీ కుర్రాళ్లు వానలు పడగానే మానేస్తారు.

మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట మనకు ఎంత దూరమని! 1990ల మొదట్లో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అందరూ ఆ పోరాటం గురించే చెప్పుకుంటారు గానీ, దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లకు చదువు చెప్పే అక్షరదీపం కేంద్రాలకు రాత్రిపూట పలక పట్టుకొని వచ్చిన ఆడవాళ్లలోంచే ఆ పోరాటం పుట్టింది. నేను చదువు చెప్పిన కేంద్రంలోనూ అక్షరాలు దిద్దేది కాసేపు, మాటలు చాలాసేపు. ఎవరి మొగుడు కూలి డబ్బులు తాగేశాడో, ఎవరి పొయ్యి వెలగలేదో, ఎవరి వీపు మీద వాతలున్నాయో అక్కడే బయటపడేవి. అలా రోజూ కలిసి కూర్చున్నవాళ్లు కాబట్టే, దుకాణం ముందుకు వెళ్లాల్సిన రోజున ఒకరినొకరు బతిమాలుకోవాల్సిన పని పడలేదు. మీ కాలనీలో అలా కలిసే చోటు లేదు. గేటు వేసుకుంటే పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదని నువ్వే అన్నావు. కమిటీ కన్నా ముందు ఆ పలకరింపు కావాలి.

అందుకే మీటింగు పెట్టే ముందు ఇల్లిల్లూ తిరుగు. ఒక్కదానివే వద్దు, పొదుపు సంఘంలో ఉన్న ఒకావిడను, పాలు పోసే ఆయననో ఆటో నడిపే అబ్బాయినో వెంటబెట్టుకో. ఎవరింట్లో మనిషి ఎప్పుడు ఊళ్లో ఉండడో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ప్రతి ఇంట్లో ఒకటే అడుగు: "ఏ వేళ, ఏ చోట మీకు భయం వేస్తుంది?" మగవాళ్లు దొంగల గురించే చెబుతారు. ఆడవాళ్లు చీకటి మలుపు గురించి, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు బండి మీద వెంటపడేవాళ్ల గురించి చెబుతారు. ముసలివాళ్లు ఫోన్లకు భయపడతారు. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఎక్కువమందికి భయం ఉన్న చోటు ఏదో దానంతట అదే తేలుతుంది.

తేలాక మొదట వెలుతురు పని పట్టు. లైటు వెలగని ప్రతి స్తంభం నంబరు రాసి, అందరి సంతకాలతో మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకో, లేకపోతే దాని ముఖం చూసేవాడు ఉండడు. ఖాళీ ప్లాట్లలో చిల్లచెట్లు ఎలా పెరుగుతాయో మన ప్రాంతంలో నీకు చెప్పక్కర్లేదు. ప్లాటు యజమానులు ఎక్కడో హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. వాళ్ల నంబర్లు పట్టుకొని కొట్టించమని అడగండి, వినకపోతే మున్సిపాలిటీ చేత నోటీసు ఇప్పించండి. చెట్లు కొట్టించి లైట్లు వేయించారంటే కమిటీ మాట మీద జనానికి నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత పిలిస్తే వస్తారు.

ఊరెళ్లేవాళ్లు ముందుగా పక్కింట్లో చెప్పే అలవాటు చేయించు. ఆ వాకిలి ఊడ్చి రెండు గీతలు ముగ్గు వేసి, సాయంత్రం లైటు వేసే మనిషి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని బయటకు తెలియదు. తిరుమల కొండ మీద ఫోటో తీసి అక్కడి నుంచే స్టేటస్ పెట్టొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. తాళం వేసిన ఇళ్లకు పోలీసులు కెమెరా పెట్టే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది, స్టేషన్లో అడగండి. మీ వీధుల్లో గస్తీ తిరిగే బీట్ కానిస్టేబుల్ ఎవరో, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఎవరో కాలనీలో అందరికీ తెలియాలి. వాళ్లను అవసరం పడ్డాక కాదు, ముందే టీకి పిలవండి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. కమిటీ వేయగానే జనం కళ్లు బీదవాళ్ల మీద పడతాయి. రొయ్యల కంపెనీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు, పాత సామాన్లు కొనేవాళ్లు, యానాదులు, ఎరుకలవాళ్లు. నువ్వుండేది కావలిలో. 1871లో బ్రిటిష్‌వాళ్లు కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని చట్టం చేశారు. ఆ చట్టం తర్వాత మన వైపుకూ వచ్చింది. దాని పేరుతో కావలిలో సెటిల్మెంటు అనే కాపలా కాలనీ పెట్టి ఎరుకల కుటుంబాలను అందులో ఉంచారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా కదలకూడదు. ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా ఈనాటికీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ల వీధి పేరు ఎత్తే పెద్దమనుషులున్నారు. నీ కమిటీలో ఆ మాట వస్తే అక్కడికక్కడే ఆపు. వాళ్లలోంచీ, అద్దెకున్నవాళ్లలోంచీ ఒకరిద్దరిని కమిటీలోకి తీసుకో. పార్టీ నాయకులకు మాత్రం పదవులు ఇవ్వొద్దు, ఇస్తే ఎలక్షన్ల నాటికి కాలనీ రెండుగా చీలుతుంది.

వాట్సాప్ గ్రూపుకు కూడా కట్టుబాటు ఉండాలి. కళ్లతో చూసింది, టైము, చోటు, బండి నంబరు. అంతే. అనుమానం మీద మనిషి ఫోటో పెట్టకూడదు, ఎక్కడి నుంచో వచ్చిన ఆడియో పంపకూడదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు నమ్మి దేశంలో ఎన్నోచోట్ల అమాయకులను కొట్టి చంపారు. రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లో దూరినవాడు కళ్లెదుట దొరికితే పట్టుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపే పోలీసులకు అప్పగించాలి. చెయ్యి చేసుకునే హక్కు ఎవరికీ లేదు. గొడవ ముదిరేలా ఉంటే ముందు 112కు ఫోన్ చేయండి.

ఫోన్ మోసాల సంగతి ముసలివాళ్లతో కూర్చొని నిదానంగా చెప్పాలి. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు కనిపించగానే వణికిపోతున్నారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదని, డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల ఫోన్ నంబరు 1930కు చెప్పాలని, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువని చెప్పు. పోగొట్టుకున్నవాళ్లను ఇంట్లోవాళ్లే తిడితే మళ్లీ నోరు విప్పరు. తిట్టొద్దని కొడుకులకూ కోడళ్లకూ చెప్పు.

గంజాయి అమ్మేవాడి గురించి 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. తాగే పిల్లాడి దగ్గరకు మాత్రం ముందు వాళ్లమ్మతో కలిసి వెళ్లు, వాడికి కావాల్సింది డాక్టరు.

ఇంకొకటి. ఇంట్లో జరిగే నేరాల జోలికి పోవద్దని కమిటీ మగవాళ్లు అంటారు, ఒప్పుకోవద్దు. భార్యను కొట్టే ఇంటి అరుపులు పక్కింటికి వినిపిస్తూనే ఉంటాయి. ఆడవాళ్ల సహాయానికి ఉన్న 181 నంబరు ప్రతి ఆడపిల్లకూ నోటికి రావాలి. చిన్నపిల్ల మీద చెయ్యి వేసినవాడి విషయంలో పెద్దమనుషులు కూర్చొని డబ్బు ఇప్పించి సర్దేయడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే పిల్లల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం కింద నేరం. అలాంటి పంచాయితీ నీ కమిటీ పేరుతో ఒక్కటి కూడా జరగకూడదు. పిల్లల సహాయ నంబరు 1098కు చెప్పు, పిల్ల తల్లి పక్కన నువ్వు నిలబడు. మా స్టేషన్ పరిధి కాదని ఎవరైనా అంటే ఏ స్టేషన్లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడుగు. కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకునే రా.

మొదట ఆ తాళాలు పగిలిన ఇళ్లకే వెళ్లు. వాళ్లు ఇప్పటికే సగం ఊరితో మాటలు పడి ఉంటారు, తాళం గట్టిది వేయలేదని, నగలు ఇంట్లో పెట్టారని. నువ్వు వెళ్లి భోజనం చేశారా అని అడుగు. స్తంభాల నంబర్లు రాశాక అర్జీ నాకు వాట్సాప్‌లో పంపు, రాత నేను సరిచేసి ఇస్తాను.

మీ అత్త