ఇంట్లో లాయర్లెవరూ లేని అమ్మాయి ఎలాంటి సీనియర్ దగ్గర చేరాలి?

లాయరుగా బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాను, మా ఇంట్లో లాయర్లెవరూ లేరు, పేరున్న సీనియర్ దగ్గర చేరనా, చిన్న ఆఫీసులో చేరనా అని అడిగారు కదా. పేరు సంగతి పక్కన పెట్టండి. ఆయన జూనియర్ల చేత కోర్టులో మాట్లాడిస్తాడా లేదా, అది చూసి చేరండి. నేనూ మీలాగే వచ్చాను, మా నాన్నది కిరాణా కొట్టు, గుంటూరు జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్నాను.

మొదట చేరింది పెద్ద ఆఫీసులోనే. కేసు కట్టలు మోయడం, డైరీలో వాయిదాలు రాయడం, సార్ ఇంకో కోర్టులో ఉన్నారని చెప్పి పాసోవర్, అంటే కేసుని కాసేపాగి పిలవమని, అడగడం, రోజూ ఇదే. ఆడవాళ్లకి భరణం, విడాకుల ఫైళ్లు, భూమి తగాదాలూ క్రిమినల్ ఫైళ్లూ మగపిల్లలకి. సాయంత్రం ఆఫీసు ఏడింటికి మొదలై పదింటి దాకా నడిచేది, క్లయింట్లతో అసలు మాటలన్నీ అప్పుడే జరిగేవి, మేమేమో చివరి బస్సు కోసం ఎనిమిదికే లేవాల్సి వచ్చేది. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

తర్వాత వెళ్లిన సీనియర్‌కి అంత పేరు లేదు. చేరిన వారంలోనే కొత్త వకాలత్‌లో, అంటే తన తరఫున వాదించమని క్లయింట్ లాయరుకి రాసిచ్చే కాగితంలో, తన పేరు కింద నా పేరు వేయించారు. అందులో పేరుంటే ఆ కేసుకి మీరూ లాయరే, లేకపోతే సార్ తరఫున వాయిదా అడిగే మనిషి. ఒక చెక్ బౌన్స్ కేసులో మాది ముద్దాయి తరఫు, ఫిర్యాదిని క్రాస్ చేసే పని, అంటే కోర్టులో ఎదురు ప్రశ్నలు వేసే పని, నాకిచ్చారు. మా క్లయింట్ బియ్యం వ్యాపారి, నా ఎదురుగానే "ఈ అమ్మాయా సార్, మీరే చేయండి" అన్నాడు. "అప్పిచ్చానంటున్న రోజుకి వాళ్ల ఖాతాలో అంత డబ్బే లేదని స్టేట్‌మెంట్‌లో పట్టుకుంది ఈవిడే, అడగాల్సిందీ ఈవిడే" అన్నారు సార్. మధ్యలో నేను తడబడితే లేచి కేసు లాక్కోలేదు, చీటీ మీద పేజీ నంబరు రాసి నా వైపు జరిపారంతే. ఆఫీసు టైమ్ కూడా అందరికీ అయిదు నుంచి ఏడున్నరకి మార్చారు, దాంతో అది ఆడవాళ్ల కోసం చేసిన దయలా ఎవరికీ అనిపించలేదు. నాయకత్వం అంటే నాకు గుర్తొచ్చేది ఈయనే.

1923 చట్టంతో ఆడవాళ్లు లాయర్లు కావడానికి ఉన్న అడ్డు పోయింది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125 దాటి వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. లోపలికి రావడం వరకు ఇవి పనికొస్తాయి, నిలబడటం మాత్రం చాలావరకు సీనియర్ చేతిలోనే ఉంది. జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 స్టైపెండ్ ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది, కానీ అది సిఫార్సే. మా వైపు పెట్రోలు ఖర్చులు చేతిలో పెట్టి సరిపెట్టే ఆఫీసులే ఎక్కువ. అలాంటి చోట ఇంట్లో డబ్బున్న పిల్లలే మిగులుతారు, కూలి చేసి చదివించిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎంత తెలివైనవాళ్లైనా రెండేళ్లు తిరక్కుండానే వేరే ఉద్యోగం చూసుకుంటారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

చేరే ముందు కొన్నాళ్లు ఉదయం పదిన్నరకి కోర్టు హాల్లో వెనక కూర్చోండి. కేసు పిలిచినప్పుడు ఏ ఆఫీసు నుంచి ఎవరు లేస్తున్నారో, లేచినవాళ్లు వాదిస్తున్నారో, వాయిదా అడిగి కూర్చుంటున్నారో మీకే తెలుస్తుంది. కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఆ సీనియర్ కేసుల తీర్పులు తీసి మొదటి పేజీ చూడండి, హాజరైన లాయర్ల పేర్లు అక్కడ రాస్తారు, జూనియర్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. అక్కడ పని చేసి బయటికొచ్చిన ఆడవాళ్లతో తప్పకుండా మాట్లాడండి. స్టైపెండ్ ఎంత, వకాలత్‌లో పేరు వేస్తారా అని సీనియర్‌నే మొహమాటం లేకుండా అడిగేయండి, ఆ ప్రశ్నకే చిరాకు పడితే అక్కడ చేరకండి. మీది ఏ ఊరో చెప్తే నాకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను.