కాఫీతో థైరాయిడ్ మాత్ర

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 52 ఏళ్లు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకుంటాను, వెంటనే కాల్షియం మాత్ర. డోసు పెంచినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోన్) దిగట్లేదు. ఎందుకని?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు మాత్రది కాదమ్మా, దాని సావాసానిది. మాత్రలోని మందు థైరాక్సిన్ చిన్నపేగులోంచి రక్తంలోకి చేరాలి. కాల్షియం అక్కడే దాన్ని పట్టేసుకుంటుంది, కొంత మందు మలంలో పోతుంది. కాఫీ కూడా అడ్డే. పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, గంటాగి కాఫీ తాగండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో. రక్తంలోని ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది, అందుకే మార్పు నిదానం. ముందు మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పండి, 6 వారాలకు పరీక్ష చేయించండి. మందు సరిగా ఒంటబడితే, పెంచిన డోసు అప్పటికి ఎక్కువైపోవచ్చు.