కార్పొరేషన్‌లో 50 సెంట్లా, పొదలకూరు అవతల రెండున్నర ఎకరాలా?

ప్రశ్న: మేడమ్, మేము నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో బాడుగకు ఉంటున్నాం. నాది ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. సొంత ఇల్లు, దొడ్లో కూరగాయలు, రెండు ఆవులు, నాటుకోళ్లు, కొన్ని నిమ్మచెట్లు పెట్టుకొని మా తిండి వీలైనంత మేమే పండించుకోవాలని మా ఇద్దరి ఆశ. చేతిలో ఉన్న డబ్బుకి అల్లీపురం వైపు 50 సెంట్ల పొలం వస్తోంది, అది కార్పొరేషన్ లోపలే. అదే డబ్బుకి పొదలకూరు అవతల రెండున్నర ఎకరాలు చూపిస్తున్నారు. కార్పొరేషన్‌లో కొంటే పన్నులకే జీతమంతా పోతుందని మా బావ ఒకటే గొడవ. మాతో పాటు అమ్మ ఉంటుంది, 76 ఏళ్లు. బాబు తొమ్మిదో తరగతి. ఏది కొనమంటారు?

జవాబు: మీ బావగారి భయంలో సగం నిజముందండీ. కార్పొరేషన్‌లో పన్ను ఎక్కువే. కానీ ఆ పన్ను ఎంత పడుతుందన్నది మీరు ఆ నేలను ఏం చేస్తారు, కాగితాల్లో ఏమని రాయించుకుంటారు అన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది. అది తెలియక పొలం కొని ఊరికే పడేసి, నోటీసు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ. అందుకే ముందు ఆ లెక్క చూద్దాం.

మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ (నేలకీ కట్టడానికీ కలిపి ప్రభుత్వం కట్టే విలువ) మీద వేస్తున్నారు. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య కౌన్సిల్ నిర్ణయించిన రేటు ఉంటుంది. ఉదాహరణకి ఇంటి విలువ 40 లక్షలుగా తేల్చి 0.15 శాతం వేస్తే ఏడాదికి 6 వేలు. ఏడాది మొత్తం ఏప్రిల్ నెలలోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు కూడా ఉంది. దీనికి జీతమంతా పోదు. అయితే ఒక సంగతి. పాత ఇళ్లకు పన్ను ఒక్కసారిగా పెరగకుండా ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు, మీరు కొత్తగా కట్టే ఇంటికి ఆ వెసులుబాటు ఉండదు, మొదటి ఏడాదే పూర్తి విలువ మీద వేస్తారు. కాబట్టి పక్కింటాయన రసీదు చూసి మీ పన్ను కూడా అంతే ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

అసలు దెబ్బ ఖాళీస్థల పన్ను దగ్గర తగులుతుంది. కార్పొరేషన్లలో ఇది విలువలో 0.50 శాతం. ప్రభుత్వ విలువ కోటి రూపాయలున్న నేల ఊరికే పడి ఉంటే ఏటా 50 వేలు, అదీ మీరు ఒక్క ఇటుక పేర్చకుండానే. మీ బావగారు విన్నది బహుశా ఇలాంటి కేసు గురించే అయుంటుంది. ఇంటికి ఆనుకొని ఉన్న స్థలంలో కొంత ఇంటి కిందకే లెక్కకొస్తుంది, ఆ పరిమితి దాటిన ఖాళీకి ఈ పన్ను వేస్తారు. కానీ కేవలం వ్యవసాయానికి వాడే భూమికి ఖాళీస్థల పన్ను లేదు, అది కార్పొరేషన్ హద్దుల్లో ఉన్నా సరే. అల్లీపురం, కనుపర్తిపాడు, నారాయణరెడ్డిపేట లాంటి ఊళ్లు కార్పొరేషన్‌లో కలిశాక కూడా అక్కడ వరి కయ్యలున్నాయి, వాటిని సాగు చేసుకునేవాళ్లున్నారు.

ఇక్కడే మీకు నేను గట్టిగా చెప్పే మాట. 50 సెంట్లనూ ఒకే ముక్కగా ఇంటి స్థలం చేయించుకోవద్దు. ఇంటికి, కొట్టానికి, వాకిలికి కలిపి ఓ 10 సెంట్లు విడిగా సబ్‌డివిజన్ చేయించి దానికి మాత్రమే ప్లాన్ అనుమతి తీసుకోండి, మిగతా 40 సెంట్లు వ్యవసాయ భూమిగానే మీ పాస్‌బుక్‌లో ఉండనివ్వండి. ఆ తర్వాత ప్రతి సీజన్‌లో ఏం వేశారో ప్రభుత్వ పంట నమోదైన ఈ-క్రాప్‌లో ఎక్కించండి, అడంగల్‌లో (ఏ నేలలో ఎవరు ఏం పండిస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు) పంట పేరు పడేలా చూసుకోండి, విత్తనాలు, ఎరువులు కొన్న బిల్లులు ఒక ఫైలులో పెట్టండి. రేపు వార్డు సచివాలయం నుంచి ఎవరైనా వచ్చి ఇది ఖాళీ స్థలమంటే, నోటితో వాదించడం కన్నా మూడేళ్ల అడంగల్ చూపించడం మేలు. బెండ, వంగ, ఆకుకూరలు, నిమ్మ, ఏదైనా సాగే, కానీ రికార్డులో కనిపించాలి.

సాగు భూమిని ఇంటి స్థలంగా మార్చడానికి ఇన్నాళ్లూ 2006 నాటి నాలా చట్టం ఉండేది. 2025లో దాన్ని రద్దు చేశారు. రద్దయింది కదా అని ఖర్చు లేదనుకోవద్దు, ఆ రుసుము ప్లాన్ అనుమతి దశకు మారింది. అది భూమి విలువ మీద శాతం లెక్కన కట్టేది కాబట్టి, 50 సెంట్లకు కట్టడానికీ 10 సెంట్లకు కట్టడానికీ తేడా ఎంతో మీకే అర్థమవుతుంది. అనుమతి లేకుండా మాత్రం గోడ కూడా లేపొద్దు. అనుమతి లేని ఇంటికి పన్ను వేస్తారు, దాని మీద పెనాల్టీ కూడా వేస్తారు, క్రమబద్ధీకరించేదాకానో కూల్చేదాకానో ఏటా అది పడుతూనే ఉంటుంది. పన్ను రసీదు ఉంది కాబట్టి ఇల్లు చట్టబద్ధమైపోయిందని అనుకునేవాళ్లు చాలామంది, అది శుద్ధ తప్పు.

ఆవుల సంగతి మీరు ప్రశ్నలో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ గొడవ అక్కడే కనిపిస్తోంది. కార్పొరేషన్ హద్దుల్లో పశువులను పెంచడం మీద నియంత్రణ ఉంటుంది, పాలు అమ్మే ఆలోచన ఉంటే లైసెన్స్ సంగతి ముందే కనుక్కోవాలి. ఇప్పుడు చుట్టూ పొలాలే ఉండొచ్చు, ఐదేళ్లకి పక్కన లేఅవుట్ పడుతుంది, వచ్చినవాళ్లకి పేడ వాసన, దోమలు, తెల్లవారుజామున కోడి కూత, అన్నీ ఇబ్బందే. వాళ్లు ఫిర్యాదు చేస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆ ఇబ్బంది తొలగించమని ఆదేశించవచ్చు. పాత సీఆర్‌పీసీలో 133 అని ఉండేదే ఇది. మేమే ముందు వచ్చాం అన్న వాదన అక్కడ పెద్దగా నిలవదు. అందుకని కొట్టాన్ని హద్దు గోడకు ఆనించి కట్టకండి, స్థలం మధ్యలో వేసుకోండి, మురుగు నీళ్లు మీ పొలంలోకే పోయేలా కాలవ తియ్యండి, పేడ దిబ్బ కన్నా గుంత తవ్వి ఎరువు చేసుకోండి. రెండు ఒంగోలు ఆవులకి ఇది పెద్ద పని కాదు, పది చేస్తే అక్కడ కుదరదు.

ఇక పొదలకూరు. అక్కడ నేల మీద ఏటా కట్టేది నిజంగానే స్వల్పం. కాలవ నీరు పారే పొలమైతే నీటి తీరువా ఎకరాకు వందల రూపాయల్లో ఉంటుంది, కట్టుకున్న ఇంటికి పంచాయతీ ఇంటి పన్ను, అంతే. నిమ్మకు ఆ చుట్టుపక్కల పేరుంది, మార్కెట్టూ అక్కడే ఉంది. ఆవులు, కోళ్లు ఎన్ని పెట్టుకున్నా పెద్దగా అడిగేవాళ్లుండరు. రెండున్నర ఎకరాలంటే గడ్డి కూడా మీరే వేసుకోవచ్చు, అదే 40 సెంట్లలో అయితే దాణాకీ గడ్డికీ డబ్బు పెట్టక తప్పదు. తిండి మేమే పండించుకుంటాం అన్న మీ ఆశకి దగ్గరగా ఉన్నది నిస్సందేహంగా ఈ భూమే.

కానీ ధర అంత తక్కువగా ఎందుకుందో అడిగారా? మెట్ట ప్రాంతాల్లో అమ్మకానికి వచ్చే చవక భూముల్లో డీకేటీ పట్టాలు చాలా ఉంటాయి. అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు. 1977 నాటి చట్టం ప్రకారం వాటిని కొనడం చెల్లదు, మీరు డబ్బు మొత్తం ఇచ్చినా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. మధ్యవర్తి ‘ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పుడు ఫ్రీహోల్డ్, అంటే అమ్ముకునే హక్కు వచ్చేసింది’ అంటాడు, ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ఆపి విచారణలు పెట్టారన్న సంగతి మాత్రం చెప్పడు. చుక్కల భూములదీ ఇదే తంతు, ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూముల రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలుంటాయి, 2017లో వాటికోసం ప్రత్యేక చట్టం తెచ్చినా అన్నీ తేలిపోలేదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో, ఆర్‌ఎస్‌ఆర్‌లో ఏముందో, 1బీ (భూయజమానుల రికార్డు), అడంగల్‌లో పేర్లు అమ్మేవాళ్లవేనా, కనీసం 30 ఏళ్ల ఈసీలో (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) ఏం కనిపిస్తోందో, ఈ నాలుగూ చూడకుండా రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇస్తే కూడా 20 వేలు, ఆపైన నగదుగా ఇవ్వొద్దు, చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

నీళ్లు. బోరుంది అంటే సరిపోదు, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుందో పక్క రైతునడగండి, అమ్మేవాళ్లను కాదు. కొత్త బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు మీది పడితే ఇబ్బందే. ఇంకొకటి, పంపుసెట్టుకిచ్చిన వ్యవసాయ కనెక్షన్ నుంచి ఇంటికి వైరు లాగడం పల్లెల్లో మామూలే అనిపిస్తుంది. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద దానికి రెట్టింపు టారిఫ్ లెక్కన బిల్లు వేస్తారు. ఇంటికి వేరే మీటరు పెట్టించుకోండి.

ఆదాయపు పన్ను విషయానికొస్తే, పంట మీద వచ్చే ఆదాయానికి రెండు చోట్లా మినహాయింపు ఉంది, మొక్కల నర్సరీ పెట్టినా అదీ వ్యవసాయ ఆదాయమే. మీకు జీతం ఉంది కాబట్టి, వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటితే జీతం మీద రేటు లెక్కించేటప్పుడు దాన్ని కలిపి చూస్తారు, అందువల్ల కొద్దిగా పెరగొచ్చు. పాలు, గుడ్లు అమ్మిన డబ్బు మాత్రం వ్యవసాయ ఆదాయం కిందకి రాదు, అది వ్యాపార ఆదాయం. రిటర్నులో విడిగా చూపించండి.

పెద్ద తేడా అమ్మేటప్పుడు వస్తుంది, దీన్ని కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. లక్ష దాటి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణమైతే దాని హద్దు నుంచి 6 కిలోమీటర్ల వరకు ఉన్న పొలాన్ని పట్టణ భూమిగానే చూస్తారు, దూరం రోడ్డు మీద కాకుండా గీత గీసినట్టు నేరుగా కొలుస్తారు. నెల్లూరు ఈ లెక్కలోకే వస్తుంది. అంటే అల్లీపురం పొలం అమ్మితే లాభం మీద పన్ను ఉంటుంది, రెండేళ్లు దాటాక అమ్మితే 12.5 శాతం. అమ్మే ముందు రెండేళ్లు మీరు సాగు చేసి, వచ్చిన లాభంతో రెండేళ్లలోపు వేరే పొలం కొంటే మినహాయింపు అడగవచ్చు, ఇందాక చెప్పిన అడంగల్, ఈ-క్రాప్ ఫైలు అప్పుడు కూడా మీకు పనికొస్తుంది. పొదలకూరు అవతల పల్లె పొలానికి అసలు ఈ పన్నే లేదు, ఇల్లున్న ముక్కకి మాత్రం ఉంటుంది. అయితే రేపు అక్కడ మునిసిపాలిటీ వస్తే హద్దులు మారతాయి, బుచ్చిరెడ్డిపాళెం నగర పంచాయతీ అయింది కదా.

రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు చోట్లా ఒకటే, స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అల్లీపురంలో ఆ సర్వే నంబరుకి ప్రభుత్వం ఎకరా విలువ పెట్టిందా గజం విలువ పెట్టిందా చూసుకోండి, తేడా లక్షల్లో ఉండొచ్చు. అమ్మేవాళ్లు అంకణాల్లో చెబుతారు, మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, సెంటుకి ఆరు అంకణాలకి కాస్త ఎక్కువ. 50 సెంట్లంటే దాదాపు 302 అంకణాలు రావాలి. సర్వేయరుతో కొలిపించి, దస్తావేజులో సెంట్లు, గజాలు రెండూ రాయించండి.

ఏది కొనాలని సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. మీ పరిస్థితుల్లో నేనైతే అల్లీపురమే కొనమంటాను, పైన చెప్పినట్టు ఇంటికి 10, సాగుకి 40 విడగొట్టుకోవడం కుదిరితేనే. అమ్మగారికి 76 ఏళ్లు, రాత్రి పూట ఒంట్లో బాగోకపోతే పొదలకూరు అవతల నుంచి నెల్లూరు ఆసుపత్రికి రావడానికి పట్టే సమయానికి నేను విలువ కట్టలేను. బాబుకి ఇంకో నాలుగేళ్లు చదువు ఇక్కడే. ఆ ఏటా కట్టే పన్నును మీరు ఆసుపత్రికి, బడికి దగ్గరగా ఉన్నందుకు కడుతున్నారనుకోండి. అదే మీ ఇద్దరే అయ్యుండి, నిమ్మ తోట మీదే బతకాలన్న పట్టుదల ఉండి, జీతం లేకపోతే, కాగితాలు శుభ్రంగా ఉన్న పక్షంలో పొదలకూరే మంచిదనేదాన్ని.

ఒకవేళ అల్లీపురం ముక్క సబ్‌డివిజన్‌కి దారి చాలక కుదరదని తేలితే, లేదా మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు మీదుగా రోడ్డు గీసి ఉంటే, వెంటనే వదిలేయండి. ఆ రెండూ అడ్వాన్స్ ఇవ్వకముందే తెలుసుకోవచ్చు. సర్వే నంబరు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) కాపీ పట్టుకొని కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలోనూ నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనూ అడగండి, నోటి మాటగా చెబితే ఒప్పుకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవాళ్లు తొందర పెడితే వారం రోజులు ఆగమనండి, ఆగకపోతే వాళ్ల తొందరకు కారణమేంటో ఈసీలో ఇంకోసారి వెతకండి.