ముద్ర ఒకరిది, వాక్యం మరొకరిది

అమ్మాయీ,

ఇటలీ హ్యూమనిస్టుల ఉత్తరాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం, మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది. చాలా చదివి రాశావని తెలుస్తోంది గానీ ఆ చదువు పాఠకుడి నెత్తిన పడలేదు. ఇబ్బందల్లా రెండో పేజీలోనే తీర్పు చెప్పేయడం. ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువులను తిరిగి తలకెత్తుకున్న ఆ పండితులు ప్రాచీన రోము స్వేచ్ఛ గురించి గొప్పగా రాస్తూనే కార్డినళ్ల, అంటే పోపు కింది పెద్ద మతాధికారుల, గుమ్మాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారనీ, వాళ్ల ఉత్తరాలు వట్టి కైవారాలనీ తేల్చేశావు. ఇక మిగతా పేజీలన్నీ ఆ తీర్పుకు సాక్ష్యాలు పోగుచేయడంతోనే సరిపోయాయి.

ఇది నీ ఒక్కదాని అలవాటు కాదులే. కవి, కొలువు అన్న మాటలు పక్కపక్కన వినబడితే చాలు, మనం పోతనను ఒకవైపు, శ్రీనాథుణ్ణి ఒకవైపు నిలబెట్టేస్తాం. (నీ పోజ్జో బ్రాచ్చొలీని, శ్రీనాథుడు ఇంచుమించు ఒకే కాలంవాళ్లు. ఆయన పోపు కచేరీలో రాయసగాడు, ఈయన కొండవీడులో విద్యాధికారి.) ఆ కొలమానం ఇక్కడే వదిలేసి ఇటలీ వెళ్లు. ఉత్తరంలో పొగడ్త కనబడగానే ఆగిపోకు. ఆ ఉత్తరం ఏమి అడుగుతోంది, ఎవరి ముద్రతో వెళ్లింది, ఎవరి ముందు చదివారు అన్నవి తేలాక రాసినవాడి గుణం గురించి మాట్లాడవచ్చు.

అప్పటి ఉత్తరానికి ఒక కట్టుబాటు ఉంది. మొదట సంబోధన, తర్వాత అవతలివాడి మనసును అనుకూలం చేసుకునే నాలుగు మాటలు, ఆపైన విషయం, ఆ తర్వాత విన్నపం, చివర ముగింపు. మధ్యయుగాల నుంచీ బడుల్లో నేర్పిన వరుస ఇది. హ్యూమనిస్టులు సొంత ఉత్తరాల్లో దీన్ని సడలించారు గానీ కచేరీ ఉత్తరాల్లో చాలావరకు పాటించారు. నువ్వు ఎత్తి చూపిన పొగడ్తలన్నీ ఆ రెండో భాగంలోవే. విన్నపం దాకా వెళ్లలేదు నువ్వు. అసలు పని ఉన్నది అక్కడ.

కొలూచ్చో సలుటాటినే తీసుకో. 1375లో ఫ్లోరెన్స్ చాన్సలర్ అయ్యాడు, 1406లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. చాన్సలర్ అంటే నగరం తరఫున ఉత్తరాలు రాసే పెద్ద లేఖకుడు, పాలకుడు కాడు. నిర్ణయాలు చేసే ప్రయర్లు రెండు నెలలకోసారి మారిపోయేవారు. ఉత్తరాలు వెళ్లింది వాళ్ల పేరు మీద. పాలకులు అన్నిసార్లు మారినా బయటి రాజ్యాలకు వినబడిన గొంతు మాత్రం ముప్పై ఏళ్లు ఒకటే. 1375 నుంచి 1378 వరకు ఫ్లోరెన్స్ పదకొండవ గ్రెగరీ పోపుతో యుద్ధం చేసింది. ఆ రోజుల్లో సలుటాటి పోపు ఏలుబడిలోని పట్టణాలకు, ఆఖరికి రోము ప్రజలకు కూడా, పరాయి అధికారుల పీడ వదిలించుకోండి, స్వేచ్ఛగా బతకండి అని ఉత్తరాలు రాశాడు. 1376లో పోపు ఫ్లోరెన్స్ నగరాన్ని వెలివేశాడు. నువ్వు ఈ ఉత్తరాలు చూసి ఆయనను చర్చి వ్యతిరేకి అన్నావు. యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1381 ప్రాంతంలో, అదే మనిషి లోకాన్ని విడిచి మఠంలో బతకడమే మేలని ఒక సన్యాసి కోసం పుస్తకం రాశాడు. దాన్ని ఏమంటావు? రెండింట్లో ఒకటి నటన అనుకుంటే నీ వ్యాసం సులువుగా ముగుస్తుంది. నేనైతే రెండూ ఆయనవేనంటాను. మొదటిదానిలో నగరానికి గొంతు అరువిచ్చాడు, రెండోదానిలో తన గొంతుతో మాట్లాడాడు.

దౌత్యపు ఉత్తరం ఎలా పనిచేసేదో కూడా నువ్వు రాయలేదు. రాయబారి చేతిలో తరచుగా ఉండేది చిన్న విశ్వాసపత్రం: ఈ మనిషి చెప్పేది మా మాటగా నమ్మండి, అంతే. బేరసారాలన్నీ నోటితోనే. సలుటాటి రాసినట్టు పొడుగ్గా, లయతో, రోము చరిత్ర ఉదాహరణలతో నిండిన ఉత్తరం వచ్చిందంటే అది ఒక్కరు చదివి పెట్టెలో దాచుకోవడానికి రాసింది కాదు. సభలో పైకి చదువుతారు, నకళ్లు తీసుకుంటారు, బడుల్లో నమూనాగా వాడుకుంటారు. మిలాన్ ప్రభువు జాన్ గలియాజ్జో విస్కొంతి, వెయ్యిమంది ఆశ్వికుల కంటే సలుటాటి ఉత్తరమే తనకు ఎక్కువ నష్టం చేస్తుందని అన్నాడని ఒక మాట ప్రచారంలో ఉంది. అన్నాడో లేదో గానీ ఆ కాలం ఉత్తరానికి కట్టిన విలువ అది.

అదే మిలాన్ కచేరీలో పస్క్వీనో కప్పెల్లి అనే చాన్సలర్ ఉండేవాడు. రెండు రాజ్యాలకూ పడదు. అయినా సలుటాటి ఆయనకు రాసి, ప్రాచీన రోము వక్త సిసెరో అట్టికస్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరాల ప్రతి కావాలని అడిగాడు. 1392లో మిలాన్ నుంచి వచ్చిన ప్రతి విప్పి చూస్తే అవి సిసెరో వేరే మిత్రులకు రాసిన ఉత్తరాలు. సలుటాటి పట్టలేనంత సంతోషపడ్డాడు. ప్రభువులు యుద్ధాలు చేసుకుంటుంటే వాళ్ల లేఖకులు పుస్తకాలు పంపుకున్నారు! కప్పెల్లి మాత్రం 1398లో ద్రోహం నెపంతో తన ప్రభువు చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. నీ రెండో అధ్యాయానికి ప్రారంభం ఇది కావాలి. నువ్వేమో దీన్ని అడుగున చిన్న గమనికగా పెట్టావు.

చర్చి పోషణ సంగతికి వద్దాం. మన గుళ్లకు మాన్యాలు ఉన్నట్టు అక్కడ ప్రతి చర్చి పదవికీ కొంత ఆదాయం ముడిపడి ఉండేది. కొన్నింటిలో పదవిలో ఉన్నవాడు అక్కడే ఉండి, ఊరి జనం పాపపుణ్యాల బాధ్యత మోయాలి. కొన్నింటిలో మనిషి ఉండనక్కర్లేదు, ఆదాయం వస్తే చాలు. ఆస్తి లేని చదువుకున్నవాడికి రెండో రకం దొరికిందా, జీవితం నిశ్చింత. సలుటాటి కంటే ముందుతరం కవి పెట్రార్క్ బతుకంతా దాదాపు ఈ ఆదాయంతోనే నడిచింది. పోపు కార్యదర్శి పదవి ఆయన కోసం ఎన్నిసార్లు వచ్చినా తప్పించుకున్నాడు. 1350ల మొదట్లో, అప్పట్లో పోపులు కొలువున్న అవిన్యోన్‌లో, ఇద్దరు కార్డినళ్లు పట్టుబట్టారు. అడ్డొచ్చింది ఒకటే: ఆయన శైలి మరీ ఎత్తుగా ఉందట, కచేరీకి పనికొచ్చేలా కాస్త కిందికి దించాలట. పరీక్షగా ఒకటి రాసి చూపమన్నారు. పెట్రార్క్ కావాలనే ఎంత ఎత్తుకు ఎగరగలడో అంతా ఎగిరి, అర్థం కాకుండా రాసి బయటపడ్డాడు. ఆ కథ ఆయనే ఒక మిత్రుడికి రాశాడు, చదివితే నవ్వు ఆగదు. పని లేని ఆదాయం కావాలి, ఆదాయం ఇచ్చే పని వద్దు: ఆయన పద్ధతి ఇది. దీన్ని కపటం అను, నేను అడ్డు రాను. కానీ ఆయన బేరమాడింది డబ్బు కోసం కాదు, పగటి వేళల కోసం. అదే అవిన్యోన్ మీద నిప్పులు కురిపిస్తూ రాసిన పంతొమ్మిది ఉత్తరాలను, అందుకున్నవాళ్ల పేర్లు తీసేసి, విడిగా సంపుటం చేశాడన్నదీ రాయి.

లియొనార్డో బ్రూని దారి వేరు. 1405లో ఏడవ ఇన్నోసెంట్ పోపు దగ్గర కార్యదర్శి ఉద్యోగానికి వెళితే, మరీ కుర్రవాడివన్నారు. పోటీకి యాకొపో ఆంజెలి ఉన్నాడు. ఇంతలో ఫ్రాన్స్ నుంచి బెర్రీ ప్రభువు ఉత్తరం వచ్చింది. దానికి ఇద్దరినీ జవాబు రాయమన్నారు, రెండూ చదివించారు. బ్రూని గెలిచాడు. సలుటాటి సిఫారసు ఉంది, నిజమే, కానీ ఉద్యోగం వచ్చింది జవాబు వల్ల. నీ వ్యాసంలో సిఫారసు ఒక్కటే ఉంది.

పోజ్జోను నువ్వు బాగా పట్టుకున్నావు గానీ సగమే. 1415లో కాన్‌స్టన్స్‌లో కూడిన చర్చి మహాసభ ఇరవై మూడవ జాన్‌ను పోపు పదవి నుంచి దించేసింది. ఆయనతోపాటు పోజ్జో కొలువూ పోయింది. ఆ ఖాళీలోనే, 1416 వేసవిలో, సెయింట్ గాల్ మఠంలో దుమ్ము కొట్టుకుపోయిన, ప్రాచీన రోము వక్తృత్వ గురువు క్వింటిలియన్ గ్రంథం పూర్తి ప్రతి ఆయన చేతికి చిక్కింది. అదే ఏడాది మే 30న ప్రాగ్ నగరానికి చెందిన జెరోమ్‌ను మతద్రోహిగా సజీవదహనం చేస్తుంటే చూసి, ఆ మనిషి ధైర్యాన్ని, వాక్పటిమను మెచ్చుకుంటూ బ్రూనికి ఉత్తరం రాశాడు. ప్రాచీన రోముకు చెందిన కేటోతో, సోక్రటీస్‌తో పోల్చాడు. బ్రూని జవాబు ఏమిటో తెలుసా? ఇకమీద ఇలాంటి విషయాల గురించి కాస్త జాగ్రత్తగా రాయమని. నీ వ్యాసంలో మొదటి ఉత్తరం ఉంది, రెండోది లేదు. రెండూ పక్కపక్కన పెడితేనే ఆ స్నేహం ఎలాంటిదో, ఆ కాలం ఎలాంటిదో తెలుస్తుంది. పోజ్జో ధైర్యంలో కొంత భాగం కొలువు లేకపోవడానిది అని నా అనుమానం.

తర్వాత ఆయన వించెస్టర్ బిషప్ హెన్రీ బోఫర్ట్‌ను నమ్ముకుని ఇంగ్లండు వెళ్లాడు. మంచి మాన్యం ఇప్పిస్తాడనుకున్నాడు. ఏళ్లు గడిచాక దక్కింది చిన్నది, పైగా బాధ్యతలున్నది. ఫ్లోరెన్స్‌లోని మిత్రుడు నిక్కొలో నిక్కొలికి రాసిన ఉత్తరాల్లో ఆ విసుగంతా ఉంది. మఠాల గ్రంథాలయాల్లో తనకు కావలసినవి లేవు. బిషప్ ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటాడు. పురోహితుడు కావడం ఇష్టం లేదనీ, మంచివాళ్లనుకున్నవాళ్లు ఆ దీక్ష తీసుకున్నాక సోమరులుగా, పిసినారులుగా మారడం చూశాననీ రాశాడు. 1423లో రోము కచేరీకి తిరిగొచ్చాడు. మాన్యం వదిలేసి జీతం ఎంచుకున్నాడు. యాభై దాటాక పెళ్లి చేసుకోగలిగాడంటే ఆ దీక్ష తీసుకోకపోవడం వల్లనే. నువ్వు దీన్ని అవకాశవాదం అన్న చోట నేను పెన్సిలుతో గట్టిగా గీత గీశాను.

ఇక ప్లాటినా. నీ మూడో అధ్యాయం ఆయన మీదే, అది ఇంకా పెద్దది కావాలి. రెండవ పయస్ పోపు తన కాలంలో కచేరీ లేఖకుల సంఖ్యను డెబ్బైకి పెంచాడు. ఆ పదవులు డబ్బుకు అమ్ముడుపోయేవి. ప్లాటినా కూడా కొనుక్కున్నాడు. పయస్ 1464లో పోయాడు. వెంటనే రెండవ పాల్ ఆ వ్యవస్థను రద్దు చేశాడు. డబ్బు పోయె, పదవి పోయె. పోపు దర్శనం కోసం రాత్రుల తరబడి కాచుకున్నా లోపలికి రానివ్వలేదు. అప్పుడు ప్లాటినా ఉత్తరం రాశాడు: మా మాట వినకుండా మేము కొనుక్కున్నది లాక్కుంటే, రాజుల దగ్గరికి, ప్రభువుల దగ్గరికి వెళ్లి మహాసభ పెట్టించమంటాం అని. విన్నపం ఉండవలసిన చోట బెదిరింపు పెట్టాడు. ఫలితం సెయింట్ ఆంజెలో కోటలో నాలుగు నెలల చెర, అదీ చలికాలంలో. 1468లో కుట్ర నేరం మోపి, పొంపోనియో లేతో అనే పండితుడి మిత్రబృందంతో పాటు మళ్లీ పట్టుకున్నారు. ఈసారి చిత్రహింసలు పెట్టారు. చెరలోంచి ఆయన పోపుకు రాసిన ఉత్తరాలు చూస్తే జాలేస్తుంది. వదిలిపెడితే మీ కీర్తి పాడతానంటాడు. ఆ కోట అధిపతి రోద్రిగో సాంచెజ్ దె అరెవాలో బిషప్, పండితుడు. ఖైదీ, అతణ్ణి కాపలా కాసేవాడు చక్కటి లాటిన్‌లో ఉత్తరాలు రాసుకున్నారు! తర్వాత నాలుగవ సిక్స్టస్ పోపు 1475లో ప్లాటినాను వాటికన్ గ్రంథాలయానికి అధికారిని చేశాడు. మెలోజ్జో గీసిన కుడ్యచిత్రంలో ప్లాటినా పోపు ముందు మోకరిల్లి ఉంటాడు. ఆ పోపుకే సమర్పించిన పోపుల చరిత్రలో రెండవ పాల్‌ను చదువు గిట్టని క్రూరుడిగా చిత్రించి వదిలాడు. ఆ చిత్రమే శతాబ్దాల పాటు నిలిచింది.

నువ్వు ఆ చెర ఉత్తరాలు మాత్రమే చూసి ‘వంగిపోయిన వెన్నెముక’ అని శీర్షిక పెట్టావు. బెదిరించినవాడు, వేడుకున్నవాడు, పగ తీర్చుకున్నవాడు ఒకే మనిషి. మూడూ చూపించి, శీర్షిక తీసెయ్యి.

ఇంకొక హెచ్చరిక. అచ్చులో దొరికే ఉత్తరాలు తపాలాలో వెళ్లినవే అనుకోకు. పెట్రార్క్ తన ఉత్తరాలను తిరగరాశాడు, వరుస మార్చాడు. వెంతూ కొండ ఎక్కానని 1336 తేదీతో రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం చాలా ఏళ్ల తర్వాత రాసిందని, అప్పటికి దాన్ని అందుకోవలసినవాడు చనిపోయాడని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. నువ్వు దాన్ని రోజుపత్రికలోని వార్తలాగా ఉదహరించావు.

ఉత్తరం చివర, ఎవరో నాయకుడికి ప్రసంగాలు రాసిపెట్టే ఉద్యోగం వచ్చింది, చేరనా వద్దా అని అడిగావు. ఈ వ్యాసంలో అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అది చదివాక అర్థమైంది. చేరు. జీతం కంటే ముందు పనివేళలు అడుగు, సాయంత్రాలు నీకు మిగలకపోతే వద్దని చెప్పు. నీ పేరు ఎక్కడా రాదు, దానికి బాధపడకు. కానీ అక్కడ ఉన్నన్నాళ్లు నీ సొంత రచనల్లో ఆయన ప్రస్తావన పొగడ్తగా గానీ తెగడ్తగా గానీ రానివ్వకు. వచ్చిందంటే ఏది ఎవరి గొంతో నీకే తెలియకుండా పోతుంది.

ముందుగా ప్లాటినా అధ్యాయం తిరగరాసి పంపు. అరెవాలోతో జరిగిన ఉత్తరాలకు కనీసం రెండు పేజీలు ఇవ్వు. సలుటాటి అధ్యాయం ఇప్పుడే ముట్టుకోకు, కప్పెల్లి గురించి ఇంకొంచెం చదివాక చూద్దాం.

ఆశీస్సులతో.